బల్గేరియా క్లారినెట్టు

మా అమ్మాయి చేసిన మొట్టమొదటి సంగీత విమర్శ "నాన్నా, ఈయనకి జలుబు చేసిందా?" అన్నది. అప్పటికి దానికి ఆరేళ్ళు. ఆదివారం పొద్దున్నే రాజమండ్రి దానవాయిపేటలోని మా ఫ్లాట్లో ఇడ్లీల ముందు కూర్చోబెట్టి తువా వాళ్ళ గొంతుపాట వినిపించాను. సైబీరియా దక్షిణపు కొసన, మంగోలియాని ఆనుకుని ఉంటుంది తువా. అక్కడి పశువుల కాపరులు ఒకే గొంతులోంచి ఒకేసారి రెండు స్వరాలు పలికిస్తారు. కింద తుమ్మెద రొదలాంటి శ్రుతి, పైన సన్నటి ఈల. రెండూ ఒక్క మనిషే అంటే అది నమ్మలేదు. వంటింట్లోంచి మా ఆవిడ, "మిక్సీ ఆపేశాను కదా, ఇంకా మోగుతోందేంటి?" అంది.

నేను పట్టు వదల్లేదు. అందరి పిల్లలూ వినే పాటలు నా పిల్ల వినకూడదని నాకొక పంతం. పంతమేమిటి, గర్వమే. అపార్టుమెంటులో ఎవరింటికి పుట్టినరోజుకి వెళ్ళినా అవే నాలుగు సినిమా పాటలు, అదే డీజే బాదుడు. మా ఇంట్లో మాత్రం జావా దీవి గంటల మేళం, మాలీ వాళ్ళ కోరా, బాలమురళి గారు మూడు నాలుగు స్వరాలతోనే కట్టిన రాగాలు. ఆయనదీ మన గోదావరి గడ్డేనని, రాజోలు పక్కన శంకరగుప్తంలో 1930లో పుట్టారని చెబుతుంటే అది బుద్ధిగా తలూపేది. ఒక చెవిలో హోంవర్కు గొడవ, ఒక చెవిలో నా గొడవ.

దానికి పదేళ్ళప్పుడు జాన్ కేజ్ దాకా వెళ్ళాం. 1952 ఆగస్టు 29న, అమెరికాలో వుడ్‌స్టాక్ దగ్గర, డేవిడ్ ట్యూడర్ అనే ఆయన నిండు సభలో పియానో ముందు కూర్చున్నాడు. మెట్ల మీద మూత వేశాడు, తీశాడు, మళ్ళీ వేశాడు. నాలుగు నిమిషాల ముప్ఫై మూడు సెకన్లు ఒక్క మెట్టూ నొక్కకుండా లేచి వెళ్ళిపోయాడు. కేజ్ రాసిన సంగీతం అదే. మా హాల్లో ఫోన్లో టైమర్ పెట్టి మేమూ ఆ కచేరీ చేశాం. ఫ్యాను కిర్రుమంది. కింద బొండాల బండివాడు కత్తితో టకటకలాడించాడు. ఎక్కడో గూడ్సు బండి కూత వేసింది. టైమర్ మోగాక పిల్ల నా మొహం చూసి, "ఇంతేనా? ఖాళీయే కదా నాన్నా?" అంది.

"ఖాళీ అంటూ ఏదీ ఉండదమ్మా. చెవి పెట్టకపోతేనే ఖాళీ" అన్నాను.

ఆ మాట నాకే ఎంత నచ్చిందంటే, తర్వాత ఆఫీసులో కూడా రెండు మూడు సందర్భాల్లో వాడుకున్నాను.

వీటన్నిట్లోకీ నేను బాగా చెప్పే కథ ఒకటుంది. అది మా ఊరి కథ. పాలకొల్లు. 1969 ఫిబ్రవరి 28న అక్కడొక పిల్లాడు పుట్టాడు. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. వాళ్ళ నాన్న సత్యనారాయణ గారి మాండొలిన్ ఆరేళ్ళకే చేతికి తీసుకున్నాడు. కసిరి పక్కన పెట్టించేవాళ్ళే ఎక్కువ ఏ ఇంట్లోనైనా. ఆయన కసరలేదు. రుద్రరాజు సుబ్బరాజు గారి దగ్గర చేర్చారు. సుబ్బరాజు గారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. తమాషా ఏమిటంటే గురువుగారికి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లాడు ఆ పాటని తీగల మీద వెతుక్కునేవాడు. ఎవరూ నడవని దారిలో నడిపించాలంటే అంతకన్నా మంచి పద్ధతి ఉంటుందనుకోను.

మాండొలిన్ మన కచేరీ వాయిద్యం కాదు. తీగ మీటితే టింగుమని మోగి అక్కడికక్కడే చచ్చిపోతుంది. గమకానికి నిలవదు. నాలుగు జతల తీగలు తీసేసి ఐదు ఒంటి తీగలు వేసి, కరెంటు పెట్టి, దాని చేత తోడి రాగం పాడించాడు ఆ పిల్లాడు, మాండొలిన్ శ్రీనివాస్. 1978లో, తొమ్మిదేళ్ళకి, గుడివాడలో త్యాగరాజ ఉత్సవాల్లో తొలి కచేరీ. మీసాలు రాకముందే బెర్లిన్ జాజ్ ఉత్సవం. 1995లో మైకేల్ బ్రూక్‌తో కలిసి 'డ్రీమ్' అనే ఆల్బమ్. అది మా అమ్మాయి చిన్నప్పుడు నిద్రపుచ్చే పాట. 1998లో పద్మశ్రీ. తర్వాత జాన్ మెక్‌లాఫ్లిన్, జాకీర్ హుస్సేన్‌లతో 'రిమెంబర్ శక్తి'. 2014 సెప్టెంబరు 19న పోయినప్పుడు ఆయనకి నలభై ఐదేళ్ళు. ఆ రోజు నేను ఆఫీసుకి సెలవు పెట్టాను.

"చూశావా, పిల్లాడి చేతిలో వాయిద్యం పెట్టిన తండ్రి గొప్పవాడమ్మా" అని ముగించేవాణ్ణి ప్రతిసారీ. సత్యనారాయణ గారు స్వయంగా క్లారినెట్ వాయించేవారన్న ముక్క కూడా చెప్పేవాణ్ణి. కానీ అక్కడ నా గొంతు కాస్త తొందరపడేదిట. ఈ సంగతి నాకు తెలీదు, ఈమధ్యే మా అమ్మాయి చెప్పింది.

ఒకసారి అడిగింది కూడా. "మన తాతయ్యదీ పాలకొల్లే కదా. తాతయ్య ఏం చేసేవారు?"

"పెళ్ళిళ్ళ కాంట్రాక్టులు" అన్నాను. కాలేజీలో అందరికీ చెప్పినదే.

ఇప్పుడది ఇంటర్ చదువుతోంది. మొన్న సంక్రాంతికి పాలకొల్లులో మా అమ్మ దగ్గర పది రోజులుండి వచ్చింది. మాఘమాసంలో ఒక ఆదివారం మధ్యాహ్నం అందరం మళ్ళీ బయల్దేరాం. కారెక్కుతూనే, "ఈసారి బ్లూటూత్ నాది. నువ్వు డ్రైవింగ్ చెయ్యి, చాలు" అంది. పదేళ్ళు చేసిన సేద్యం పంటకొచ్చిందనుకున్నాను.

జొన్నాడ దగ్గర గౌతమి దాటాం. రావులపాలెంలో టీ తాగి, అరటి గెలల లారీల మధ్యనించి బయటపడి, సిద్ధాంతం వంతెన మీద వశిష్ఠ దాటేసరికి పొద్దు వాలుతోంది. దాళ్వా నాట్లు పడి పది రోజులై ఉంటుంది, నీళ్ళలో లేత పచ్చ గీతలు గీసినట్టున్నాయి చేలు. పెనుగొండలో పెళ్ళి ఊరేగింపు అడ్డం వచ్చింది. ముందు జనరేటరు బండి, వెనక లైట్లు మోసే ఆడవాళ్ళు, వాళ్ళ వెనక బ్యాండు మేళం. ఎర్ర కోట్లు, మోచేతుల దగ్గర వెలిసిపోయినవి. సైడ్ డ్రమ్ములు రెండు, ట్రంపెట్లు మూడు, చివర్న ఒక క్లారినెట్టు. ఆ ముసలాయన బుగ్గలు రెండూ పూరీల్లా పొంగి ఉన్నాయి. కారు అద్దానికి బారెడు దూరంలో నిలబడి వాయిస్తున్నాడు.

నేను అద్దాలు ఎక్కించేశాను.

"ఎందుకు నాన్నా? విందాం."

"ఏసీ పోతోందమ్మా."

"ఏసీ వెయ్యలేదు నువ్వు."

వేశాను. "ఏముంది వినడానికి? ఉన్న సినిమా పాటని పీక పిసికి చంపుతారు" అన్నాను. మా ఆవిడ కిటికీలోంచి బయటికి చూసింది. ఆవిడ అలా చూసిందంటే ఏదో తెలుసన్నమాట. అప్పుడు నాకు తట్టలేదు.

మార్టేరు దాటాక పిల్ల ఫోన్లో ఏదో నొక్కింది.

ముందు హిస్సుమనే చప్పుడు. పాత రికార్డింగు. తర్వాత ఎక్కడో దూరంగా కుక్క రెండుసార్లు మొరిగింది. అప్పుడు మొదలైంది, ఒంటి క్లారినెట్టు. డ్రమ్ము లేదు, శ్రుతి పెట్టె లేదు. ఎవరో చెక్క మీద వేళ్ళతో కొడుతున్నట్టు సన్నటి దరువు. కింది స్థాయిలో ఒక్క స్వరం పట్టుకుని, ఊపిరి అయిపోతుందేమో అని మనకి భయం వేసేదాకా సాగదీసి, అక్కడినుంచి నిచ్చెన ఎక్కినట్టు పైకి వెళ్ళాడు. నేను స్పీడు తగ్గించాను.

"ఎక్కడ దొరికింది నీకిది?"

"దొరికింది. ఏ ఊరిదో చెప్పు చూద్దాం."

నాకు ఇలాంటి పరీక్షలంటే ప్రాణం. ఎడమ చేత్తో స్టీరింగు పట్టుకుని కుడి చేత్తో తొడ మీద లెక్క వేశాను. ఏడు. "విను. తకిట తకధిమి, తకిట తకధిమి. మనకి మిశ్రచాపు. ఇదే ఏడుని బాల్కన్ దేశాల్లో రెండు, రెండు, మూడుగా విరుస్తారు. బల్గేరియాలో దాన్ని రాచెనిత్సా అంటారు, పెళ్ళిళ్ళలో ఆడతారు. ఇక రాగం చూడు. మాయామాళవగౌళ. మన పిల్లలకి సరళీ వరసలు మొదలుపెట్టేది దీంతోనే. ఇందులో కింది నాలుగు స్వరాల్నే తుర్కీ నుంచి బాల్కన్ల దాకా హిజాజ్ అంటారు."

"అయితే ఇది మనవాళ్ళది కూడా కావచ్చు కదా?"

"కాదు. ఆ గాంధారం దగ్గర విను. ఇదిగో, ఇప్పుడు. అది సరిగ్గా గాంధారం కాదు, మధ్యమమూ కాదు. రెండింటి సందులో నిలబెట్టాడు. వచ్చిన ప్రతిసారీ అక్కడే నిలబెడుతున్నాడు, చూశావా? అది పొరపాటైతే ఒకసారి వస్తుంది. ఇన్నిసార్లు రావాలంటే తరతరాల సాధన ఉండాలి."

ఇక నన్ను ఆపేవాళ్ళు లేరు. ఇవో పపాసోవ్ గురించి చెప్పాను. బల్గేరియాలో పెళ్ళిళ్ళలో క్లారినెట్ వాయించేవాడు, ఆయన సంగీతం తమ విధానాలకి సరిపడదని 1980లలో అక్కడి ప్రభుత్వం జైల్లో కూడా పెట్టింది, ఇప్పుడు ప్రపంచమంతా ఆయన్ని పిలిచి కచేరీ చేయించుకుంటోంది. సైన్యాల బ్యాండ్లలోని వాయిద్యాలు పల్లెల్లో పెళ్ళిళ్ళు చేయించే రోమా కుటుంబాల చేతికి ఎలా వచ్చాయో చెప్పాను. సెర్బియాలో గూచా అనే పల్లెటూళ్ళో 1961 నుంచీ ఏటా ట్రంపెట్ల తిరనాళ్ళు జరుగుతున్నాయని, పెళ్ళి బ్యాండ్లే అక్కడ మహారాజులని చెప్పాను. "పెళ్ళి ఊరేగింపులో వాయించేవాణ్ణి కళాకారుడిగా చూడటం తెలిసిన జాతులమ్మా అవి" అన్నాను.

వెనక సీట్లో మా ఆవిడ దగ్గింది.

"మన బ్యాండు మేళం వాళ్ళెవరూ ఇలా వాయించలేరా నాన్నా?"

"ఆ మెట్టు వేరు."

"మరి ఆ కుక్క?"

"పల్లెటూరికి వెళ్ళి రికార్డు చేసి ఉంటారు. గొర్రెల కాపరి కుక్క అయ్యుంటుంది. అలాంటివి ఉంచేస్తారు, తీసెయ్యరు. అందులోనే ఉంది అందం."

పాలకొల్లులో మా సందు మొదట్లోకి రాగానే క్షీరారామం గోపురం కనిపిస్తుంది. మా అమ్మ అరుగు మీదే ఉంది, మా కోసమే కూర్చున్నట్టు. కారు ఆగిందో లేదో, "ఏమన్నాడే మీ నాన్న?" అంది.

"బల్గేరియా అన్నాడు మామ్మా!"

"అదెక్కడే? భీమవరం అవతలా?"

"కుక్కది కూడా బల్గేరియాయేనట."

అమ్మ నవ్వి నవ్వి పొలమారి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అది మన నల్లకుక్కరా! పెరట్లో కొబ్బరిచెట్టుకి కట్టేసుండేది చూడు, అది. మీ నాన్నగారు వాయిస్తుంటే తోడుగా మొరిగేది."

మా నాన్నగారు బ్యాండు మేళంలో క్లారినెట్టు వాయించేవారు. ఇదిగో, ఇన్నాళ్ళకి రాశాను.

ముందుగదిలో మేకుకి ఆయన ఎర్ర కోటు వేలాడుతూ ఉండేది. చెమట, పెట్రోమాక్సు పొగ, పెళ్ళివారి సెంటు కలిసిన వాసన దానిది. బళ్ళో హాజరు పిలిచేటప్పుడు నా పేరు రాగానే వెనక బెంచీలో ఎవడో ఒకడు పిడికిలి నోటికి పెట్టుకుని పీపీపీ అనేవాడు. ఎనిమిదో తరగతిలో అనుకుంటా, నా స్నేహితుడి అక్క పెళ్ళిలో ఊరేగింపు ముందు మా నాన్నగారున్నారు. ఆయన నన్ను చూశారు. నేను చూడనట్టు పక్క సందులోకి తిరిగాను. ఆయన ఊపిరి తీసుకోవడం ఒక లిప్తపాటు ఆలస్యమైనట్టు అనిపించింది. పాట ఆగలేదు.

"ఆ సందులో నిలబెట్టిన స్వరం ఏదో ఉందట కదా, తరతరాల సాధన" అంది మా అమ్మాయి. "అదేంటి మామ్మా?"

"సాధనా, పాడా! ఆ మీట కింద అట్ట ఊడిపోయింది. గాలి పోయేది. సైకిలు ట్యూబు ముక్క కోసి కట్టుకునేవారు. ఎంత కట్టినా ఆ స్వరం పక్కకి జారేది. కొత్తది కొనుక్కోండి అంటే, అబ్బాయి కాలేజీ అయిపోనీ అనేవారు."

నేను అరుగు మీద కూర్చున్నాను. అమ్మ నాకేసి చూడకుండా, పిల్లకి చెబుతున్నట్టు చెప్పుకుపోయింది. "మీ నాన్న కాకినాడ ఇంజనీరింగులో చేరడానికి వెళ్ళే ముందు రాత్రి పట్టారే అది. పక్కింటాయన్ని బతిమాలి టేపురికార్డరు తెచ్చారు. పీటమీద దరువేసింది నేనే. మా అబ్బాయికి సినిమా పాటలు నచ్చవు, ఏదో కొత్తరకంగా ఉండాలి వాడికి అని, ఎప్పుడూ ఎక్కడా వాయించనిది వాయించారు. కుక్క మొరిగిందని మళ్ళీ మొదలెడదామనుకుని, రీడు పాడైపోతుందని ఊరుకున్నారు."

1990 అది. బస్సు కదులుతుంటే కిటికీలోంచి ఆయన చెయ్యి చాపారు. చేతిలో ఒక క్యాసెట్టు. పక్క సీట్లో నాలాగే కాలేజీలో చేరబోయే కుర్రాడున్నాడు. ఏమిటని నేను అడగలేదు, ఏమిటో ఆయన చెప్పలేదు. సంచిలో పడేశాను. హాస్టల్లో నలుగురి మధ్య అది పెడితే ఏం మోగుతుందో నాకు తెలుసుననుకున్నాను. నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడు ఆయన పోయారు. హాస్టలు పెట్టె మా ఇంటి అటక మీదే ఉండిపోయింది.

"సంక్రాంతికి అటక దులుపుతుంటే దొరికింది" అంది మా అమ్మాయి. "మామ్మకి నువ్వు భక్తిగీతాలకని కొనిచ్చిన టూ-ఇన్-వన్‌లో పెట్టి, ఫోన్లోకి ఎక్కించుకున్నాను. ఇంకో వైపు కూడా ఉంది. అరగంట."

లోపలికి వెళ్ళి తెచ్చి నా చేతిలో పెట్టింది. వెనక అంచు తడిమాను. క్యాసెట్లు వాడిన తరానికి తెలుసు, అక్కడ రెండు చిన్న ప్లాస్టిక్ రేకులుంటాయి. అవి విరిచేస్తే దాని మీద మళ్ళీ రికార్డు చెయ్యడం కుదరదు, ఎర్ర బటన్ దిగదు. రెండూ విరిచేసి ఉన్నాయి. ఆయనే విరిచి ఉంటారు.

అది తడుముతుంటే గుర్తొచ్చింది. రెండో సంవత్సరంలో ఒక స్నేహితుడు 'శక్తి' క్యాసెట్ ఒక్క రాత్రికి అరువిచ్చాడు. మెక్‌లాఫ్లిన్, జాకీర్ హుస్సేన్, వయొలిన్ శంకర్, ఘటం వినాయకరామ్. జన్మలో అలాంటిది వినలేదు నేను. ఎక్కించుకుందామని చేతికందిన క్యాసెట్టు పెట్టి ఎర్ర బటన్ నొక్కితే దిగలేదు. ఆ కన్నాల మీద కాస్త సెల్లోటేపు అతికిస్తే పని జరిగిపోయేది. ఆ రాత్రి గదిలో ఎవరి దగ్గరా సెల్లోటేపు లేదు.

"నాన్నా, ఇది నీ చేతిరాతే కదా?"

క్యాసెట్టు తిప్పి చూశాను. ఆయన పెన్సిలుతో రాసిన ఏదో అక్షరం అంచు కనబడుతోంది. దాని మీద చక్కగా కొలిచి అతికించిన తెల్ల కాగితం, నీలం సిరా, నా గుండ్రటి దస్తూరి. రెండే అక్షరాలు.

ఖాళీ.